లేజర్ తర్వాత ముఖం గరుకుగా ఉందా? ముందు రుద్దడం ఆపండి

మీరు రాసినదాన్ని ఒకసారి నా మాటల్లో చెబుతాను. నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకే తెలుస్తుంది. మొటిమలు మిగిల్చిన గుంటల కోసం పది వారాల కిందట ఫ్రాక్షనల్ సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) లేజర్ చేయించుకున్నారు. పెచ్చులు రాలిపోయాక రెండు వారాలపాటు ముఖం మునుపెన్నడూ లేనంత నున్నగా ఉంది. ఆ తర్వాత మెల్లగా గరుకు మొదలైంది. ఇప్పుడు బుగ్గల మీద చెయ్యి పెడితే ఉప్పుకాగితంలా తగులుతోంది. చర్మ రంధ్రాలు మునుపటికన్నా పెద్దవిగా కనిపిస్తున్నాయి. కళ్ల కింద తెల్లటి గట్టి పొక్కులు వచ్చాయి. నున్నబడుతుందేమోనని రోజు విడిచి రోజు స్క్రబ్, రాత్రి గ్లైకాలిక్ యాసిడ్, పొద్దున విటమిన్ సి సీరమ్ వాడుతున్నారు. ముఖం కడిగితే మంట. లేజర్ చేసినవాళ్లేమో ఇంకో సిట్టింగ్ చేస్తే సరిపోతుందంటున్నారు. చర్మం శాశ్వతంగా పాడైపోయిందా, మళ్లీ చేయించుకోవాలా అన్నది మీ ప్రశ్న.

చర్మవైద్యంలో, అందులోనూ లేజర్ పనిలో ఇరవై ఏళ్లకు పైగా ఉన్నాను. మీరు చెప్పిన లక్షణాలను బట్టి చర్మం శాశ్వతంగా పాడైనట్టు నాకు అనిపించడం లేదు. ముఖం కళ్లారా చూడందే ఎవరూ ఖాయంగా చెప్పలేరు కాబట్టి, చూపించుకోవాల్సిన గుర్తులేమిటో కింద వివరంగా రాస్తాను. ఇంకో సిట్టింగ్ మాత్రం ఇప్పుడు వద్దు. స్క్రబ్, గ్లైకాలిక్ యాసిడ్, విటమిన్ సి మూడూ ఈ రాత్రి నుంచే పక్కన పెట్టేయండి.

మొదట ఆ రెండు వారాల నునుపు సంగతి చెప్పాలి. మీ బాధలో సగం అక్కడి నుంచే వచ్చింది. లేజర్ తగిలిన చర్మంలో వాపు వస్తుంది. కంటికి కనిపించే వాపు నాలుగైదు రోజుల్లో తగ్గినా, లోపల కొద్దిపాటి నీరు ఇంకా కొన్ని వారాలు ఉంటుంది. ఆ నీరు గుంటల్ని కింది నుంచి పైకి తోసి, రంధ్రాల అంచుల్ని దగ్గరకు లాగి ఉంచుతుంది. అందుకే ముఖం బిగుతుగా, గాజులా కనిపిస్తుంది. నీరు దిగగానే గుంటలూ రంధ్రాలూ మళ్లీ బయటపడతాయి. అద్దంలో చూసుకున్నవాళ్లకు వచ్చిన ఫలితం చేజారిపోయినట్టు ఉంటుంది. నిజానికి అసలు ఫలితం అప్పటికింకా మొదలే కాలేదు. మీరు పోల్చుకోవాల్సింది ఆ రెండో వారం ఫొటోతో కాదు, లేజర్‌కు ముందు తీసుకున్న ఫొటోతో.

లోపల ఏం జరుగుతోందో తెలిస్తే ఈ మాట నమ్మడం తేలికవుతుంది. సీఓటూ లేజర్ కాంతి 10,600 నానోమీటర్ల తరంగదైర్ఘ్యంలో ఉంటుంది. చర్మంలోని నీరు దాన్ని పీల్చుకుని, ఆ చోటనే ఆవిరైపోతుంది. పాత పద్ధతిలో పై పొరను మొత్తంగా లేపేసేవారు. ఫలితం బాగుండేది కానీ నెలల తరబడి ఎర్రదనం, రంగు పోవడం, మచ్చ కట్టడం లాంటి ఇబ్బందులు ఎక్కువ. 2004లో లేజర్ పరిశోధకులు డీటర్ మాన్‌స్టైన్, రాక్స్ ఆండర్సన్ బృందం ఫ్రాక్షనల్ పద్ధతిని ప్రచురించింది. చర్మమంతటినీ కాల్చకుండా వెంట్రుకంత సన్నటి స్తంభాలుగా వేడిని దించి, మధ్యలో ఆరోగ్యంగా ఉన్న చర్మాన్ని వదిలేయడం అందులోని కిటుకు. ఆ మిగిలిన చర్మం నుంచి కణాలు పాకి వచ్చి లేజర్ చేసిన రంధ్రాలను పూడుస్తాయి. కాబట్టి పై పొర ఓ వారం లోపే మూసుకుంటుంది. కింది పొరలో కొలాజెన్, అంటే చర్మానికి బలాన్నిచ్చే పీచు లాంటి ప్రొటీన్, పని మాత్రం తీరిగ్గా సాగుతుంది. ముందు తాత్కాలికంగా మూడో రకం కొలాజెన్ వేసుకుని, దాన్ని మెల్లగా తీసేస్తూ బలమైన మొదటి రకాన్ని అల్లుకుంటుంది. ఈ మరమ్మతు మూడు నుంచి ఆరు నెలలు, కొందరిలో అంతకన్నా ఎక్కువ కాలం నడుస్తుంది. మీరు పదో వారంలో ఉన్నారు. అంటే గోడ ఇంకా కడుతుండగానే నున్నగా లేదని గీకుతున్నారన్నమాట.

ఇక అసలు విషయం. గరుకు అని మనం ఒకే మాట అంటాం గానీ, లేజర్ తర్వాత వచ్చే గరుకు ఒకటి కాదు. వచ్చిన సమయం, వేలికి తగిలే తీరు, పక్క నుంచి వెలుతురు పడ్డప్పుడు కనిపించే ఆకారం, ఈ మూడూ చూస్తే చాలావరకు ఏదో తెలిసిపోతుంది. నా దగ్గరికి వచ్చినవాళ్లను కిటికీ పక్కన కూర్చోబెట్టి, గదిలో లైటు ఆర్పేస్తాను. ఎదురుగా లైటు పడితే ఏ ముఖమైనా చదునుగానే కనిపిస్తుంది. పక్క నుంచి పడే వెలుతురులో ప్రతి గుంటా తన నీడతో సహా కనిపిస్తుంది. తర్వాత వేలి కొనతో కాకుండా వేలి వెనక వైపుతో, బరువు పెట్టకుండా, చెవి దగ్గర నుంచి ముక్కు దాకా ఒకసారి, గడ్డం నుంచి పైకి ఒకసారి రాస్తాను. మీరూ ఇంట్లో చేసి చూడండి. ముఖం కడిగిన వెంటనే ఒకసారి, మాయిశ్చరైజర్ రాసుకుని పావుగంట ఆగాక ఇంకోసారి.

మాయిశ్చరైజర్ రాశాక గరుకు సగానికి సగం తగ్గితే అది పై పొరలోని సమస్య. చర్మం పైన కొవ్వులతో తయారైన ఒక రక్షణ పొర ఉంటుంది. లోపలి తేమను బయటికి పోనివ్వకుండా, బయటి ఘాటు పదార్థాల్ని లోపలికి రానివ్వకుండా ఆపేది అదే. లేజర్ దాన్ని చెరిపేస్తుంది, చర్మం మళ్లీ కట్టుకుంటుంది. కట్టుకునే సమయంలో స్క్రబ్, యాసిడ్ పడితే ఆ పొర ఎప్పటికీ పూర్తి కాదు. అప్పుడు చర్మం హడావుడిగా, సగం పండిన కణాలను పైకి నెడుతుంది. అవి సరిగ్గా విడిపోక అక్కడే పొట్టులా అంటుకుని ఉంటాయి. చేతికి ఉప్పుకాగితంలా తగిలేది అవే. వాటిని మళ్లీ రుద్దితే ఒక పూట నున్నగా అనిపిస్తుంది, రెండో రోజుకు ఇంకాస్త గరుకు. కడిగితే మంట అన్నారు చూడండి, ఆ ఒక్క మాట వల్లే మీ గరుకులో పెద్ద వాటా ఇదేనని నాకు అనిపిస్తోంది. నయం కావడానికి పనికొచ్చే మంట ఏదీ లేదు. మంట పుడుతోందంటే ఆపేయమని చర్మం చెప్పడమే.

కళ్ల కింద వచ్చిన తెల్లటి పొక్కులు చాలావరకు మిలియా అయి ఉంటాయి. లేజర్ తర్వాత కొన్ని వారాలకు ఇవి రావడం మామూలే. కొత్త పై పొర మూసుకునేటప్పుడు చిన్న చిన్న గ్రంథుల నోళ్లు కూడా మూసుకుపోయి, లోపల కెరాటిన్ అనే చర్మపు ప్రొటీన్ ఉండ కడుతుంది. ఇసుక రేణువంత ఉంటాయి, గట్టిగా ఉంటాయి, నొప్పి ఉండదు. నొక్కితే రావు, ఎందుకంటే వాటికి నోరు లేదు. గోళ్లతో నొక్కితే కొత్త చర్మం మీద నల్లటి మరక మిగులుతుంది. చాలావరకు నెలల్లో వాటంతటవే పోతాయి. ఉండిపోతే శుభ్రం చేసిన సన్నటి సూది మొనతో పైన చిన్న గాటు పెట్టి, ఆ ఉండను పక్కకు దొర్లించి తీస్తాం. ఒక్కోదానికి అర నిమిషం కూడా పట్టదు. ఆ పని డాక్టర్ చేతే చేయించుకోండి.

మూతి చుట్టూ, దవడ మీద చిన్న ఎర్రటి మొటిమల్లా ఉంటే అది వేరే సంగతి. చిక్కటి ఆయింట్‌మెంట్లు అవసరాన్ని మించి వారాల తరబడి పూసుకున్నవాళ్లలో ఇవి ఎక్కువ. మొదటి వారం పెట్రోలియం జెల్లీ మంచిదే. పై పొర మూసుకున్నాక కూడా అదే పనిగా మెత్తుతూ ఉంటే మొటిమల స్వభావం ఉన్న ముఖం ఊరుకోదు. తేలికపాటి లోషన్‌కు మారితే చాలామందికి తగ్గిపోతుంది. దురద కూడా ఉంటే రాస్తున్న వాటిలో ఏదో పడటం లేదని అనుకోవాలి. నియోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్లు, సువాసన కలిపిన క్రీములు ఈ విషయంలో ముందుంటాయి.

మొదటి వారంలో ఉండే గరుకు గురించి, ఇది చదివే మిగతావాళ్ల కోసం ఒక మాట. లేజర్ అయిన రెండో మూడో రోజు నుంచి ముఖమంతా గోధుమ రంగు చుక్కలతో గరగరలాడుతూ ఉంటుంది. అవి కాలిన కణాల ముక్కలు, లోపలి నుంచి బయటికి వస్తున్నాయి. ముఖం మీద వారంలో రాలిపోతాయి, మెడ, చేతుల మీద రెండు వారాల దాకా పట్టొచ్చు. తడిపి, జెల్లీ రాసి వదిలేయాలి. గిల్లకూడదు.

ఇప్పుడు నిజంగా కంగారు పడాల్సినవి. వేలితో రాసినప్పుడు చర్మం కింద గట్టిగా, తాడులా, ఉబ్బినట్టు తగిలి, అక్కడ ఎర్రగా ఉండి దురద పెడుతుంటే అది మచ్చ కడుతున్న గుర్తు. పై పెదవి, గడ్డం, దవడ అంచు, కంటి కింద, మెడ, ఈ చోట్ల ఎక్కువగా చూస్తాం. మెడ మీద నూనె గ్రంథులు, రోమకూపాలు తక్కువ కాబట్టి అక్కడ చర్మం మానడానికి కావలసిన కణాలు కూడా తక్కువ. అందుకే ముఖానికి వాడిన శక్తినే మెడకూ వాడితే ప్రమాదం. ఇలాంటి గట్టిదనం కనిపిస్తే నెలలు ఆగొద్దు, ఆ వారమే వెళ్లండి. తొలిదశలో సిలికోన్ జెల్, మచ్చలోకి ట్రయామ్‌సినలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్, ఎర్రదనం ఉంటే 595 నానోమీటర్ల పల్స్‌డ్ డై లేజర్, ఇవి బాగా పని చేస్తాయి. ఏడాది ముదిరిన మచ్చ మాట వినడం కష్టం.

అలాగే తగ్గుతున్న నొప్పి మళ్లీ పెరిగినా, నీటి పొక్కులు గుత్తులుగా వచ్చినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా అది ఇన్‌ఫెక్షన్ కావచ్చు. అదే రోజు చూపించుకోవాలి. పెదవుల దగ్గర హెర్పిస్ పొక్కులు ఎప్పుడైనా వచ్చి ఉంటే లేజర్‌కు ముందే చెప్పాలి, ముందుగా మాత్రలు ఇస్తారు. వారాలు గడిచాక ఎర్రటి గడ్డలు లేచి మామూలు మందులకు తగ్గకపోతే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాల్సిందే. అరుదుగానే అయినా, క్షయ క్రిముల జాతికి చెందిన సూక్ష్మజీవులు లేజర్ తర్వాత ఇలా వచ్చిన సందర్భాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి.

ఇంకొకటి, చర్మం మీద గళ్లు గళ్లుగా, జల్లెడ అద్దినట్టు వరుస చుక్కల గుర్తు. చుక్కల్ని మరీ దగ్గరగా వేసినప్పుడో, ఒకే చోట రెండుసార్లు వేసినప్పుడో వస్తుంది. లేతగా ఉంటే నెలల్లో కలిసిపోతుంది. ఆరు నెలలకూ స్పష్టంగా కనిపిస్తుంటే నిపుణుల చేత చూపించుకోవాలి.

చామనఛాయ, నలుపు చర్మం ఉన్నవాళ్లు మరో విషయం గమనించాలి. లేజర్ తర్వాత మూడు నాలుగు వారాలకు గోధుమ రంగు మచ్చలు తేలడం ఈ చర్మాల్లో సాధారణం. రంగు అక్కడక్కడా మారితే కంటికి అది ఎత్తుపల్లాల్లా కనిపిస్తుంది. కళ్లు మూసుకుని వేలితో తడమండి. వేలికి నున్నగానే ఉండి, కంటికి మాత్రమే గరుకుగా ఉంటే మీది రంగు సమస్య. దానికి మందు ఎండ నుంచి కాపాడుకోవడం, ఓపిక. అవసరమైతే డాక్టర్ రాసిచ్చిన అజిలాయిక్ యాసిడ్ లాంటి క్రీములు వాడతాం. ఇంకో లేజర్ వేస్తే అది ముదురుతుంది.

ఈ విషయంలో నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను, దాచుకోవాల్సిన పని లేదు. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒకావిడ మీలాగే గరుకు అంటూ ఆరో వారంలో వచ్చి, ఇంకో సిట్టింగ్ చేయమంది. ఇంట్లో పెళ్లి ఉంది, చాలా టెన్షన్‌లో ఉంది. ఆవిడ కళ్లలో నీళ్లు చూసి, ఆగండి అని చెప్పాల్సిన చోట నేను సరే అన్నాను. తక్కువ శక్తితోనే చేశాను. మూడు వారాలకు రెండు బుగ్గలూ నల్లబడ్డాయి. ఆ రంగు పూర్తిగా పోవడానికి పది నెలలు పట్టింది. ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. రంగు పోయాక చూస్తే కింది చర్మం చక్కగా నున్నబడి ఉంది. అది రెండో లేజర్ వల్ల కాదు, మొదటిదాని పనే అప్పటికి పూర్తయింది. అప్పటి నుంచి మూడు నెలలు నిండకుండా, చర్మం పూర్తిగా చల్లబడకుండా, ఎవరు ఎంత అడిగినా సీఓటూ రెండోసారి ముట్టుకోలేదు.

మీరు ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. రాబోయే నాలుగు వారాలు ముఖానికి మూడే వస్తువులు. నురగ పెద్దగా రాని, సువాసన లేని క్లెన్సర్ రోజుకు రెండుసార్లు, గోరువెచ్చని నీళ్లతో. టవల్‌తో రుద్దకుండా అద్ది, తడి ఇంకా ఉండగానే సెరమైడ్లు (చర్మపు రక్షణ పొరలో ఉండే కొవ్వులు), గ్లిజరిన్ ఉన్న మాయిశ్చరైజర్. మధ్యాహ్నం బిగుతుగా అనిపిస్తే మళ్లీ రాయండి, లెక్క పెట్టుకోనక్కర్లేదు. బుగ్గల మీద బాగా గరుకుగా ఉన్నచోట మాత్రం రాత్రిపూట పెట్రోలియం జెల్లీని పల్చటి పొరగా అద్దవచ్చు. కళ్ల కింద మిలియా ఉన్నచోట వద్దు. మూడోది సన్‌స్క్రీన్, ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకుండా. జింక్ ఆక్సైడ్ ఉన్నవి సాధారణంగా మంట పుట్టించవు. రంగు మచ్చలు తేలే చర్మమైతే ఐరన్ ఆక్సైడ్ కలిసిన, లేత రంగు ఉన్న సన్‌స్క్రీన్ మేలు, ఎందుకంటే కంటికి కనిపించే వెలుతురు కూడా ఆ మచ్చల్ని ముదురు చేస్తుంది. మామూలు సన్‌స్క్రీన్ దాన్ని అంతగా ఆపలేదు. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా గీతలా పిండితే ముఖానికీ మెడకీ సరిపోతుంది. బయట ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ.

రెండు వారాల్లో మంట తగ్గాలి. మూడో వారానికి చేతికి తేడా తెలియాలి. మీకు మంట వస్తున్నంత కాలం ఇంకే క్రీమూ చేర్చకండి.

మంట పూర్తిగా పోయి రెండు వారాలు గడిచాక, డాక్టర్‌ను అడిగి రెటినాయిడ్ (విటమిన్ ఎ జాతి మందు) మొదలుపెట్టవచ్చు. గరుకుకు దీర్ఘకాలంలో నిజంగా పనికొచ్చే పైపూత మందు ఏదైనా ఉందంటే అదే. కణాలు సరిగ్గా విడిపోయేలా చూస్తుంది, మిలియా మళ్లీ కట్టకుండా ఆపుతుంది, కొలాజెన్‌కూ సాయం చేస్తుంది. 0.1 శాతం అడాపలీన్ అయినా, 0.025 శాతం ట్రెటినాయిన్ అయినా సరే, ముందు వారానికి రెండు రాత్రులే. ముఖమంతటికీ కలిపి చిటికెన వేలి గోరంత. పైన మాయిశ్చరైజర్. నెల తర్వాత రోజు విడిచి రోజు. గర్భం ఉన్నా, గర్భం కోసం ప్రయత్నిస్తున్నా రెటినాయిడ్ వద్దు. వాళ్లకు అజిలాయిక్ యాసిడ్ సురక్షితమైన దారి.

స్టెరాయిడ్ కలిసిన తెల్లబరిచే క్రీములు మాత్రం ఎవరు ఇచ్చినా ముట్టుకోకండి. రాసిన వారం రోజులు ముఖం అద్దంలా ఉంటుంది, అదే మోసం. నెలల తరబడి వాడితే చర్మం పల్చబడి, ఎర్రబడి, ఆపిన రోజు భగ్గుమంటుంది. లేజర్ అయిన ముఖానికి ఇంతకన్నా చెడు చేసేది నేను చూడలేదు. అలాగే లేజర్ చేసిన రోజునే, లేజర్ చేసిన రంధ్రాలు తెరిచి ఉండగా, ముఖానికి రాసుకునే మామూలు సీరమ్‌లు పూయడం కూడా మంచి పద్ధతి కాదు. అవి చర్మం పైన రాయడానికి చేసినవి, లోపలికి దింపడానికి కాదు. సూదులతో చేసే మైక్రోనీడ్లింగ్ సమయంలో విటమిన్ సి సీరమ్ పూసినప్పుడు చర్మంలో గడ్డలు కట్టిన కేసులు 2014లో ప్రచురితమయ్యాయి. తర్వాతి సారి ఎక్కడ చేయించుకున్నా, లేజర్ అయ్యాక ఏం రాస్తారో ముందే అడగండి.

ఆరో నెలకు కూడా గుంటలు మీకు నచ్చనంతగా మిగిలితే అప్పుడు మాట్లాడుకుందాం. అప్పుడైనా జవాబు ప్రతిసారీ లేజరే కాదు. సూదితో పొడిచినట్టు సన్నగా లోతుగా ఉండే గుంటలకు సీఓటూ కిరణం అడుగుదాకా చేరదు. వాటికి గాఢమైన టీసీఏ (ట్రైక్లోరోఅసిటిక్) యాసిడ్‌ను ఒక్కో గుంటలో చుక్కలా అద్దే పద్ధతి ఉంది, లేదా చిన్నగా కోసి తీసేయవచ్చు. అలల్లా వెడల్పుగా లోపలికి లాగినట్టుండే గుంటలకు కింద పట్టి ఉంచిన పీచును సూదితో తెంపాలి, దాన్ని సబ్‌సిషన్ అంటారు. అంచులు నిక్కబొడుచుకున్నట్టుండే పెట్టె లాంటి గుంటలకు లేజర్ బాగా పనికొస్తుంది. చాలా ముఖాల మీద ఈ మూడూ కలిసే ఉంటాయి. కాబట్టి అన్నిటికీ ఒకే యంత్రం, అన్నే సిట్టింగులు అని ప్యాకేజీ చెప్పేవాళ్లను, నా బుగ్గ మీద ఏ రకం గుంటలు ఎక్కడున్నాయో వేలు పెట్టి చూపించండి అని అడగండి. చూపించగలిగినవాళ్లతోనే ముందుకు వెళ్లండి.

అప్పటిదాకా నెలకోసారి ఫొటో తీసుకోండి. అదే కిటికీ, పొద్దున అదే సమయం, ముఖం కడిగి పావుగంట ఆగాక, కుడి బుగ్గ ఒకటి, ఎడమ బుగ్గ ఒకటి. మొన్న చేసిన లేజర్ వివరాలు, అంటే ఏ యంత్రం, ఎంత శక్తి, ఎంత సాంద్రత అన్నవి కాగితం మీద రాయించి తెచ్చుకోండి. అది మీ హక్కు. రెండోసారి చేసేవాళ్లకు ఆ కాగితం లేకపోతే గుడ్డిగా చేసినట్టే అవుతుంది. నాలుగు వారాలు అయ్యాక మంట ఎలా ఉందో, వేలికి ఎలా తగులుతోందో ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.